దోమక్క పంచిన పిశాచం పుస్తకం

ల్యాబులో అందరం ఆవిణ్ణి దోమక్క అనేవాళ్ళం. చాటుగా కాదు, ఎదురుగానే. తెల్లారకముందే బయల్దేరి, ఇళ్ళిళ్ళూ తిరిగి మనుషుల రక్తం పట్టుకొచ్చే మనిషికి అంతకంటే అతికిన పేరు ఇంకేముంటుంది? ఆవిడ కూడా ఏమీ అనుకునేది కాదు. "దోమలే నయమే పిల్లా. వాటికి డాక్టరు చీటీ అక్కర్లేదు," అని తనే నవ్వేది.

నేను ఆ ల్యాబు కౌంటరులో కూర్చుంటాను. ఫోన్లు ఎత్తడం, ఎవరింటికి ఎప్పుడు వెళ్ళాలో రాయడం, ఆలస్యమైతే తిట్లు తినడం నా పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉండదా మరి? పొద్దున్నే నాకు ఫోన్ చేసేవాళ్ళందరూ రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళతో ఉన్నవాళ్ళే. ఆకలితో ఉన్న మనిషితో రోజుకొకసారి మాట్లాడి చూడండి, మీ ముక్కు మీదకి కూడా వస్తుంది.

దోమక్క చేయి మాత్రం బంగారం. నరం దొరకదని పెద్దాసుపత్రి వాళ్ళు వదిలేసిన ముసలివాళ్ళకి కూడా ఒక్క పోటుతో తీసేది. అందులో ఆవిడకో పద్ధతి ఉంది. రబ్బరు పట్టీ కట్టగానే ఏదో ఒక ప్రశ్న అడుగుతుంది. "మీ పెద్దమ్మాయి ఎన్నో క్లాసండీ?" "ఆ ఫోటోలో ఉన్నది మీరేనా?" అని. వాళ్ళు జవాబు వెతుక్కునేలోపు సూది వెళ్ళి, ట్యూబు నిండి, దూది కూడా పెట్టేసి ఉంటుంది. పాపం, జవాబు మాత్రం ఎప్పుడూ సగమే వినేది. మిగతా సగం చెప్పేలోపు వాళ్ళు వంటింటివైపు పరిగెత్తేవారు.

అక్కడే ఉంది ఆ ఉద్యోగంలోని దరిద్రం. దోమక్క వెళ్ళే ప్రతి ఇల్లూ ఖాళీ కడుపుతో ఉండే ఇల్లే. ఆవిడ వెళ్ళేవరకూ పొయ్యి వెలిగించరు. వెలిగించాక ఆవిడ ఉండదు. ఇన్నేళ్ళలో ఎన్ని గడపలు తొక్కిందో గానీ, ఒక్క ఇంట్లోనూ "కాస్త టీ తాగి వెళ్ళండి" అన్నవాళ్ళు లేరు. వాళ్ళ తప్పూ కాదు, అక్కడ టీయే ఉండదు. వచ్చేటప్పుడు "వస్తానండీ" అనడానికి కూడా లేదు. ఒకసారి అలవాటుకొద్దీ అంటే ఒక పెద్దావిడ రెండు చేతులూ జోడించి, "మళ్ళీ రావద్దు తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది," అందట. ఆ రోజు నుంచి సూదుల పెట్టె మూసుకుని, చెప్పులు తొడుక్కుని, ఏమీ అనకుండా మెట్లు దిగేది.

ఇంటికి వెళితేనో, అక్కడా ఎవరూ లేరు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ తల్లితో ఉంది, తల్లి పోయాక ఆ గదిలోనే ఉండిపోయింది. చెల్లెలు ఫోన్ చేస్తుంది, ఏదైనా పనుంటే. నేనొకసారి జ్వరం మాత్రలు ఇవ్వడానికి వెళ్ళాను. గదిలో ఒకే కుర్చీ ఉంది. దాని మీద ఉతికిన యూనిఫారాలు మడతపెట్టి ఉన్నాయి. నేను కూర్చోవడానికి వాటిని తీయబోతే ఆవిడ కంగారుపడి, ఎక్కడ పెట్టాలో తెలియక, చాలాసేపు చేతుల్లోనే పట్టుకుని నిలబడింది.

ఆ పుస్తకం ఎక్కడిదంటే, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాతసామాన్ల వాడి కోసం గేటు పక్కన పడేసిన కట్టలోది. రక్తం తీసి వస్తూ అడిగి తెచ్చుకుంది. పేరు "తొమ్మిదో బురుజు". ఇటుకంత లావు. అట్ట మీద ఒక కోట, కోట మీద చందమామ, చందమామ కింద నల్ల అంగీ వేసుకుని పళ్ళు బయటపెట్టిన ఒక పెద్దమనిషి. అది చూసి ల్యాబులో నవ్వనివాడు పాపాత్ముడు. "అక్కా, నీ జీవితచరిత్ర అచ్చయింది!" అన్నాడు మా టెక్నీషియను.

కథ చెబుతాను, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే ఉంటుంది. కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక కోట. చుట్టూ శత్రువుల దండు. లోపల రోజుకో సైనికుడు రక్తం లేకుండా తెల్లగా పాలిపోయి చచ్చిపడి ఉంటాడు. హంతకుణ్ణి పట్టుకోవడానికి ఒక గూఢచారిని పెడతారు. హంతకుడు ఎవరయ్యా అంటే, జబ్బు చేసినవాళ్ళకి జలగలు పట్టించి నయం చేసే రాజవైద్యుడే. వాడు తరతరాలుగా చావకుండా తిరుగుతున్న రక్తపిశాచి. వాడికి ఒక్కటే అడ్డంకి: ఇంట్లోవాళ్ళు "లోపలికి రండి" అంటే తప్ప గడప దాటలేడు. అంటే పిలవని పేరంటానికి వెళ్ళని పిశాచి అన్నమాట, మన చుట్టాల్లో కొంతమంది కంటే నయం. చివర్లో కోట పడిపోతుంది, అందరూ పారిపోతారు. తొమ్మిదో బురుజులో రాజుగారి ముసలి తల్లి ఒక్కతే మిగులుతుంది. తలుపు బయట వైద్యుడు. వాడెవడో ఆవిడకు తెలుసు. తెలిసి కూడా తలుపు తీసి, "లోపలికి రండి," అంటుంది. వాడు గడప దాటి నేరుగా ఆవిడ మెడ మీదకి వంగుతాడు. అంతే, అయిపోయింది.

దోమక్కకి ఆ చివరి మాట గుచ్చుకుంది. ఎందుకు పిలిచింది ఆ ముసలావిడ? ల్యాబులో అడిగితే టెక్నీషియను, "పొద్దస్తమానం చూసేది రక్తమే, మళ్ళీ చదవడం కూడానా?" అన్నాడు. ఇంట్లో అడుగుదామంటే గోడలు తప్ప ఎవరూ లేరు. అందుకని రక్తం ఇచ్చేవాళ్ళకి పుస్తకం ఇవ్వడం మొదలుపెట్టింది. వారం వారం, నెల నెలా పరీక్షలుండే వాళ్ళకి ఇచ్చేది. మళ్ళీ వెళ్ళినప్పుడు పట్టీ కట్టి అడిగేది: "పుస్తకం ఎలా ఉందండీ? ఆవిడ ఎందుకు పిలిచిందంటారు?"

అభిప్రాయాలకేం కొదవ! సూది కింద ఉన్నా తెలుగువాడి నోరు ఆగుతుందా? బేకరీ యజమానికి షుగరు ఉంది. ఆయన, "అంతా బాగుంది గానీ సిస్టర్, రాజుగారి రక్తం తాగేవాడికి షుగరు రాదా? ఆ రాజు పేజీకోసారి తీపి తింటాడు!" అన్నాడట. మరి ముసలావిడ ఎందుకు పిలిచిందీ అంటే, "మతి పోయింది, వయసైపోతే అంతే," అని తేల్చేశాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరమ్మ అయితే పుస్తకాన్ని ఉతికి ఆరేసింది. ఆ కాలంలో అలాంటి నిలువుటద్దాలు ఎక్కడివి, ఆ తుపాకులేమిటి, ఆ భాషేమిటి అని. ముగింపు గురించి, "రాసినవాడికి ఏం చేయాలో తోచలేదు, తలుపు తీసి పారిపోయాడు," అంది. అన్నాక ఇంకోవారం ఉంచుకుని మళ్ళీ చదివి ఇచ్చింది. ఒక నిండుచూలాలికి ఇస్తే వాళ్ళత్తగారు, "కడుపుతో ఉన్న పిల్లకి పిశాచాల పుస్తకమా, బుద్ధి ఉందా?" అని లాక్కుంది. లాక్కుని తనే చదివి, రెండో భాగం ఉందా అని నాకు ఫోన్ చేసింది. ల్యాబుకి! రిపోర్టులు అడిగే నంబరుకి!

ఇవన్నీ ట్యూబులు అప్పగిస్తూ దోమక్క నాకు చెప్పేది. చెప్పేటప్పుడు ముఖం వెలిగిపోయేది. కానీ ఎవరు చెప్పిందీ ఆవిడకి సరిపోలేదు. "అది కాదే, ఇంకేదో ఉంది," అనేది.

తర్వాత ఆ పుస్తకం కండక్టరు గారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాయన. సైకిల్ రిపేరు షాపు మీద ఒంటిగది, బయట నుంచి ఇనుప మెట్లు. భార్య పోయింది, పిల్లల్లేరు. కొత్త మందులు మొదలుపెట్టారు, అవి కుదిరేవరకూ వారం వారం పరీక్ష. తలుపు పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు, ఇంకా బస్సులో ఉన్నట్టు. సూది తీసి దూది పెట్టగానే "రైట్ రైట్!" అనేవాడట. దోమక్క మొదటిరోజు ఉలిక్కిపడింది, తర్వాత ఆ మాట కోసమే వెళ్ళేది.

ఆయన అందరిలా గబగబా చదవలేదు. వారానికి ఒక్క అధ్యాయం. దాని మీద మాత్రం గట్టిగా వాదించేవాడు. "అది కాదు సిస్టరమ్మా, కోటలో రోజుకొకడు తగ్గుతుంటే ఆ కాపలావాడు తలకాయలు లెక్కపెట్టుకోడా? నేనైతే ప్రతి స్టాపులోనూ లెక్కపెట్టేవాణ్ణి," అనేవాడు. ఇంకో వారం, "ఆ గూఢచారి ఒట్టి వెధవండీ. వాసన చూసి చెప్పొచ్చు ఎవడు తాగొచ్చాడో," అన్నాడు. దోమక్క దూది పెట్టాక కూడా పెట్టె మూయకుండా నిలబడి వినేది. ఆవిడ పూర్తిగా విన్న జవాబులు అవే.

ఒకరోజు కథ పక్కనపెట్టి ఆయన తన మాట చెప్పాడు. "ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కాలు పెట్టడానికి చోటు లేకుండా జనంలో నిలబడ్డాను. ఎప్పుడూ ఎవడో ఒకడు 'జరగవయ్యా' అనేవాడు. ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు ఈ గదిలో ఏ మూల నిలబడ్డా నన్ను జరగమనేవాళ్ళే లేరమ్మా." దోమక్క ఆ మాట నాకు చెప్పి, ట్యూబుల మీద పేర్లు సరిచూస్తున్నట్టు తల వంచుకుంది.

మందులు కుదిరాయి. డాక్టరు ఇక పరీక్షలు అక్కర్లేదన్నాడు. అందరికీ శుభవార్తే, ఒక్క దోమక్కకి తప్ప. ఆఖరి పరీక్ష రోజుకి పుస్తకంలో చివరి అధ్యాయం మిగిలే ఉంది. "చదివి ఫోన్ చేస్తానులెండి," అన్నాడాయన. నేను మనసులో అనుకున్నాను, ఇక ఆ తలుపు ఈవిడకి మూసుకున్నట్టేనని. పరీక్ష లేకుండా వెళ్ళే ఇల్లు ఆవిడకి ఊళ్ళో ఒక్కటీ లేదు. చీటీ లేకుండా ఎవరి గడపా దాటదు. ఆ విషయంలో పుస్తకంలో పిశాచికీ ఆవిడకీ తేడా లేదు.

కొన్నాళ్ళకి నాకు ఫోనొచ్చింది.

"అమ్మా, నేను కండక్టర్ని. ఒక పరీక్ష రాయాలి."

"చెప్పండి. ఏ పరీక్ష?"

"ఏదో ఒకటి రాయమ్మా."

"ఏదో ఒకటేంటండీ? ఇదేమన్నా హోటలా? డాక్టరు ఏం రాశారు?"

ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "తక్కువ రక్తం పట్టేది ఏదైనా ఉందా? ఆవిడే వస్తుందిగా?"

ఈ కౌంటరులో నేను వినని మాట లేదనుకున్నాను. ఇది వినలేదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. షుగరు పరీక్ష రాశాను. పరగడుపున ఉండాలని అలవాటు ప్రకారం చెప్పాను, దోమక్కని పంపాను. ఆవిడకి ఈ సంభాషణ చెప్పలేదు. చెబితే సిగ్గుపడి అసలు వెళ్ళదని నా భయం.

మర్నాడు దోమక్క ఆయన రక్తం లేకుండానే వచ్చింది.

"ఏమైంది?" అన్నాను.

"ఆయన టీ తాగేశారే. పరగడుపు పరీక్ష కదా, పనికిరాదు. రేపు ఏమీ తాగకుండా ఉండండి అని చెప్పి వచ్చేశా."

"ఎప్పుడు తాగారట?"

"ఏమో. నేను వెళ్ళేసరికి టీ కాచి ఉంది. రెండు కప్పులు పెట్టుకున్నారు. స్టూలు పక్కన ఇంకో కుర్చీ కూడా..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో పెట్టె కౌంటరు మీద పెట్టింది. నా మొహం చూసింది. నేను ఆయన ఫోనులో అన్న మాట అప్పుడు చెప్పాను.

మీరు నవ్వొచ్చు. కానీ జీవితమంతా ప్రతి ఇంట్లోనూ మొదట అడిగే మాట "ఏమీ తాగలేదు కదా?" అయిన మనిషి, టీ కప్పు చూస్తే ఏమనుకుంటుంది? పరీక్ష చెడిందనే అనుకుంటుంది. రెండో కప్పు తనకోసమని ఎలా తోస్తుంది? ఎప్పుడైనా ఎవరైనా పెడితే కదా! దోమక్క గోడ పక్కన బల్ల మీద కూర్చుని, "రేపు సరిగ్గా చెబుతాలేవే," అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు.

మర్నాడు ఏమైందో కూడా ఆవిడే చెప్పింది. వెళ్ళేసరికి గదిలో పొయ్యి వెలగలేదు. కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. రెండో కుర్చీ గోడకి జరిపేసి ఉంది. కండక్టరు గారు చొక్కా చెయ్యి పైకి మడిచి, పిడికిలి బిగించి సిద్ధంగా కూర్చున్నాడు. చెప్పిన మాట వినే మనిషి. "ఏమీ తాగలేదమ్మా. మంచినీళ్ళు కూడా ముట్టలేదు," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

ఆ చేయి అలా చాపితే దోమక్క వచ్చేటప్పుడు దారిపొడవునా అనుకున్నవన్నీ మరిచిపోయింది. చేతులకి తెలిసిన పని చేతులు చేశాయి. పట్టీ కట్టింది. ప్రశ్న మాత్రం అడగాలి కాబట్టి అడిగింది. "పుస్తకం అయిపోయిందా అండీ?"

"అయిపోయింది."

"ఆవిడ ఎందుకు పిలిచిందంటారు?"

ఆయన సూదివైపే చూస్తూ చెప్పాడట: "పిలవడంలో తప్పేముందమ్మా. ఎవరూ లేనప్పుడు వచ్చినవాణ్ణి పిలుస్తాం. నాకు నచ్చనిది అది కాదు. అన్ని వందల ఏళ్ళు తిరిగినవాడు, అంతమందిని చూసినవాడు, వాడికి మాత్రం తెలియొద్దూ? రక్తం కోసమే పిలిచింది అనుకున్నాడు చూడండి. కాసేపు కూర్చోవాల్సింది."

ట్యూబు నిండింది. దూది పెట్టింది. ఆయన "రైట్ రైట్" అనలేదు. పుస్తకం తీసి పెట్టె మీద పెట్టాడు. దోమక్క ఎప్పటిలాగే ఏమీ అనకుండా మెట్లు దిగింది.

నాకు చెబుతూ చెబుతూ ఏడ్చింది. కౌంటరు దగ్గర, జనం ముందు, ముక్కు తుడుచుకుంటూ, పుస్తకం రొమ్ముకి అదుముకుని. "నాకు కూర్చోవడం రాదే. ఎవరింట్లోనూ ఎప్పుడూ కూర్చోలేదు. ఏం చేయాలో తెలియలేదు," అంది. నాకూ కళ్ళు మండాయి. మండితే నాకు తెలిసింది ఒక్కటే, తిట్టడం.

"మొద్దూ! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆయన నువ్వు అడక్కుండానే పెట్టాడు. దాన్ని కాలదన్నుకుని వచ్చి నా దగ్గర ఏడుస్తావా? నీ రక్తపిశాచి నయం, కనీసం పిలిస్తే లోపలికి వెళ్ళాడు!"

సాయంత్రానికి కండక్టరు గారి రిపోర్టు వచ్చింది. ఏ దోషమూ లేదు. ఆయన ఫోనుకి పంపించేశాను. ఇక ఆయన పరీక్ష రాయించడని నాకు తెలుసు. ఒకసారి టీతో, ఒకసారి రక్తంతో పిలిచి చూశాడు. మూడోసారి పిలవడానికి మనిషికి ముఖం ఉండొద్దూ? వెళితే ఈవిడే వెళ్ళాలి, అదీ పెట్టె లేకుండా, చీటీ లేకుండా. ఆవిడ అలా ఎక్కడికీ వెళ్ళగా నేను చూడలేదు.

ఆ పై రోజు పొద్దున దోమక్క ల్యాబుకి వచ్చి ఆ రోజు ఇళ్ళ చీటీలు తీసుకుంది. పెట్టె మాత్రం కౌంటరు మీద పెట్టి, "ఇది కాస్త చూస్తూ ఉండు," అంది. ఎక్కడికని నేను అడగలేదు. పెట్టె లేని చేతిని ఏం చేసుకోవాలో తెలియక సంచీ లేకుండా బజారుకి బయల్దేరిన మనిషిలా ఊపుకుంటూ వెళ్ళింది.

ఇనుప మెట్లు ఎక్కింది. తలుపు ఓరగా ఉంది. కండక్టరు గారు స్టూలు మీదే ఉన్నాడు. ముందు ఆవిడ చేతులకేసి చూశాడు.

"పెట్టె ఏదమ్మా?"

"తేలేదండీ."

"ఇవాళ నేనేమీ రాయించలేదే."

"లేదండీ." గడప బయటే నిలబడి ఉంది. చెప్పులు విప్పాలో వద్దో కూడా తెలియడం లేదు. చివరికి నోటికి వచ్చింది, ఇన్నేళ్ళుగా వచ్చిన ఆ ఒక్క మాటే. "పొద్దున్నుంచి ఏమీ తాగలేదండీ. ఇవాళ నేనే ఖాళీ కడుపుతో వచ్చాను."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. లేచి నిలబడ్డాడు. స్టూలు పక్కకి లాగి, దారి ఇచ్చి, బస్సంతా వినబడే ఆ పాత గొంతుతో అన్నాడట:

"లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీగానే ఉంది."

ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో దోమక్క నాకు చెప్పలేదు. ఆవిడ నాకు ఏదైనా చెప్పకపోవడం అదే మొదటిసారి. నాకు తెలిసిందల్లా, బాగా ఎండెక్కాక బేకరీ యజమాని ఫోన్ చేసి అరిచాడు. "ఏమ్మా, మీ దోమ ఇంకా రాలేదు, ఇక్కడ ఆకలితో చస్తున్నాను! ఎక్కడుందావిడ?"

కౌంటరు మీద ఆవిడ పెట్టె మూసే ఉంది. పక్కనే ఆ పిశాచం పుస్తకం.

"టీ తాగుతోందండీ," అన్నాను. "కాస్త ఆగండి."